జ్వరం వచ్చిన రాత్రి ఫోన్‌లో ఏం వెతకాలి, ఎలా వెతకాలి

2021 మే నెల. రాత్రి పదకొండు దాటింది. మా పెద్దమ్మకి కరోనా వచ్చి ఆరో రోజు. ఆక్సీమీటర్ వేలికి పెడితే 88 చూపించింది. అంతే, ఇంట్లో ఉన్న ఐదుగురం ఫోన్ల మీద పడ్డాం. అన్నయ్య ఆక్సిజన్ బెడ్ల కోసం ట్విట్టర్ గాలిస్తున్నాడు. వదిన ఎవరో పంపిన వీడియో పట్టుకొచ్చింది: కర్పూరం, లవంగాలు, వాము గుడ్డలో మూటగట్టి వాసన చూపిస్తే ఆక్సిజన్ పెరుగుతుందట. నేను "ఆక్సిజన్ 88 అయితే ఏమవుతుంది" అని కొట్టి, ఆ సమయంలో చదవకూడనివన్నీ చదువుతున్నాను.

ముప్పావు గంట గడిచాక, వీధి చివర ఇంట్లో ఉండే స్టాఫ్ నర్సుకి ఫోన్ చేద్దామని ఎవరికో తట్టింది. ఆమె మొదట అడిగిన మాట: "పెద్దమ్మ గోళ్లకి రంగుందా?" ఉంది, అంతకు ముందు వారమే మనవరాలు పూసింది. రెండోది: "చేతులు చల్లగా ఉన్నాయా?" కూలర్ ఎదురుగా పడుకుంది, చల్లగానే ఉన్నాయి. రంగు తుడిచి, అరచేతులు రుద్ది, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి మళ్లీ పెడితే 95. ఇంకోసారి పెడితే 96.

88కి ఏం చేయాలని ఐదుగురం వెతికాం. ఆ 88 నిజమేనా అని ఒక్కరం కూడా వెతకలేదు. పోనీ అది నిజమే అయ్యుంటే? అప్పుడు ఆ ముప్పావు గంట ఇంకా ఘోరం. బండెక్కించాల్సిన మనిషిని మంచం మీద పెట్టుకుని వీడియోలు చూస్తున్నట్టు.

ఆ తర్వాత మా బంధువుల్లో ఎవరికి జ్వరం వచ్చినా ఫోన్ నాకే వచ్చేది. నేను డాక్టర్ని కాదు. వెతకడంలో బోలెడు తప్పులు చేసి ఒక పద్ధతికి వచ్చినవాణ్ణి. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అంటూ టీవీలు మళ్లీ ఎర్ర అక్షరాలు తిప్పినప్పుడు, 2001లోనే గుర్తించిన ఆ వైరస్‌ని కొత్త మహమ్మారి అనుకుని మా వాళ్లు మళ్లీ మాస్కులు కొనబోతున్నప్పుడు, ఇది రాసి పెట్టాలనిపించింది.

ముందుగా: వెతక్కూడని వాటి జాబితా

ఇంట్లో అందరూ బాగున్న రోజున చేయాల్సిన పని ఇది. ఒక కాగితం తీసుకుని, ఏ లక్షణాలు కనిపిస్తే ఫోన్‌లో వెతక్కుండా నేరుగా డాక్టర్‌కి గానీ 108కి గానీ ఫోన్ చేయాలో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కరోనాకి కేంద్ర ఆరోగ్య శాఖ హోం ఐసోలేషన్ సూచనల్లో అవి స్పష్టంగా ఉన్నాయి: ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో తగ్గని నొప్పి లేదా బరువు, మనిషి తికమకగా మాట్లాడటం, లేపినా లేవలేకపోవడం, మూడు రోజులు దాటినా తగ్గని గట్టి జ్వరం, ఆక్సిజన్ పడిపోవడం.

ఆక్సిజన్ దగ్గర ఒక చిన్న మాట ఉంది, దాన్ని చాలామంది చదవకుండా వదిలేశారు. 2022 జనవరిలో సవరించిన సూచనల్లో 93 లేదా అంతకంటే తక్కువ, అదీ ఒక గంటలో కనీసం మూడుసార్లు చూసినప్పుడు అని రాశారు. మా నర్సమ్మ ఫోన్‌లో చెప్పిన దానికీ దీనికీ తేడా లేదు. ఒక్క రీడింగ్‌తో ఇల్లు తలకిందులు చేసుకోకండి. అలాగని మూడుసార్లు తక్కువ చూపించాక "మిషన్ పాడైందేమో" అని కూర్చోకండి. మనిషి ఆయాసపడుతుంటే అంకెతో పనే లేదు, బయల్దేరాల్సిందే.

కొత్త జబ్బు వస్తే కొత్త సూచనలు వస్తాయి. అప్పుడు పాత కాగితం చింపి కొత్తది అంటించండి. కాగితం మీద తేదీ వేయడం మర్చిపోకండి.

తర్వాత: ప్రశ్నని కాగితం మీద రాయండి

నవ్వులాటగా ఉంటుంది గానీ, ఈ పద్ధతి మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఫోన్ తీసే ముందు, ఇప్పుడు మీరు ఏ నిర్ణయం తీసుకోవాలో ఒక వాక్యంలో రాయండి. నిర్ణయమేదీ లేకపోతే మీరు వెతుకుతున్నది సమాచారం కాదు, ధైర్యం. ధైర్యం కోసం మనిషికి ఫోన్ చేయండి. గూగుల్ దగ్గర అది దొరకదు, ఉన్నది కాస్తా పోతుంది.

నిర్ణయం ఉందనుకుందాం. "కరోనా లక్షణాలు" అని కొడితే నలభై లక్షణాలు వస్తాయి, చదివేసరికి సగం మీకు ఉన్నట్టే అనిపిస్తుంది. దాని బదులు ఇలా రాయండి: "మనిషికి 62 ఏళ్లు, షుగర్ ఉంది, జ్వరం రెండో రోజు, 101, ఆక్సిజన్ 96. ఈ రాత్రి ఇంట్లో ఉండొచ్చా, పొద్దున్న చూపిస్తే చాలా?" ఇంత పొడుగు ప్రశ్నకి నెట్‌లో సూటి జవాబు దొరకదు, నిజమే. కానీ రాస్తుంటేనే మీకు తెలుస్తుంది, ఇందులో నెట్‌ని అడగాల్సింది ఏది, డాక్టర్‌ని అడగాల్సింది ఏది అని. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువా అన్నది నెట్ చెప్తుంది. మా నాన్నని ఈ రాత్రి తీసుకెళ్లాలా అన్నది 104కి ఫోన్ చేసో, తెలిసిన డాక్టర్‌కి చేసో తేల్చుకోవాలి.

ప్రశ్నలోనే జవాబు పెట్టకండి. "కర్పూరం ఆక్సిజన్ పెంచుతుందా" అని వెతికితే కర్పూరం గొప్పతనం చెప్పే వీడియోలు వరసకడతాయి. "కర్పూరం పీలిస్తే ప్రమాదమా" అని కూడా వెతకండి. వదిన ఫోన్‌లో ఆ రెండో ప్రశ్న నేనే కొట్టి చూపించాను: కర్పూరం రక్తంలో ఆక్సిజన్‌ని పెంచదు, పైగా చిన్నపిల్లల నోట్లో పడితే ఫిట్స్ తెప్పించేంత విషం. దేవుడి గదిలో ఉండాల్సింది ముక్కు దగ్గరికి ఎలా వచ్చిందో గానీ, రెండో తరంగంలో ఆ మూట ప్రతి ఊళ్లోనూ తిరిగింది.

ఇంకో సంగతి. తెలుగులో వెతికితే పైన యూట్యూబ్ చిట్కాలు ఎక్కువ వస్తాయి, ఆస్పత్రుల పేజీలు తక్కువ. ఇంట్లో ఇంగ్లిష్ చదివే పిల్లలుంటే అదే ప్రశ్న ఇంగ్లిష్‌లో కూడా కొట్టించి చూడండి. మన భాషలో నమ్మకమైన పేజీలు తక్కువ ఉండటం మన తప్పు కాదు, కానీ దాని ఫలితం మనమే అనుభవిస్తున్నాం.

దొరికినదాని మీద తేదీ చూడండి, ఊరు చూడండి

మహమ్మారి మొదటి ఏడాది నిజం కూడా నెల నెలకీ మారింది. దాన్ని మోసం అనుకున్నవాళ్లు చాలామంది. అది మోసం కాదు, అప్పుడప్పుడే నేర్చుకోవడం. 2020 మార్చి 23న వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు వాడొచ్చని దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్పింది. జూన్‌కల్లా బ్రిటన్‌లో రోగుల మీద మందుల్ని పోల్చి చూసిన పెద్ద ట్రయల్‌లో ఆస్పత్రిలో చేరిన రోగులకి దానివల్ల ప్రయోజనం లేదని తేలింది. మామూలు జనానికి మాస్కు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లో ఒకలా చెప్పి, 2020 జూన్ 5న సూచన మార్చింది. కరోనా నుంచి కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసే ప్లాస్మా కోసం ఊరూరా దాతల్ని వెతికాం కదా, 2021 మే 17న దాన్ని చికిత్స సూచనల్లోంచి తీసేశారు. తీసేసిన తర్వాత కూడా నా ఫోన్‌కి "ఏ పాజిటివ్ ప్లాస్మా అర్జెంట్" అని మెసేజీలు వస్తూనే ఉన్నాయి.

అందుకని, ప్రభుత్వ పేజీ అయినా సరే, కింద తేదీ చూడండి. పీడీఎఫ్ అయితే మొదటి పేజీలోనే ఉంటుంది. తేదీ లేని కాగితం ఎంత పెద్ద ముద్ర ఉన్నా పక్కన పెట్టేయండి.

ఊరు కూడా అంతే ముఖ్యం. 2021 మే 13న అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ, టీకా డోసులన్నీ పూర్తయినవాళ్లు చాలా చోట్ల మాస్కు తీసేయొచ్చని చెప్పింది. టెక్సస్‌లో ఉన్న మా కజిన్ సంతోషంగా ఆ వార్త ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. వార్త నూటికి నూరుపాళ్లు నిజం. కానీ సరిగ్గా అంతకు ముందు రోజే తెలంగాణలో లాక్‌డౌన్ మొదలైంది. ఆంధ్రలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఇక్కడ టీకా ఒక్క డోసు దొరకడమే గగనం. గ్రూపులో మా బాబాయ్ ఒకాయన "అమెరికా వాళ్లే తీసేయమన్నారు" అని మాస్కు లేకుండా రైతుబజారుకి వెళ్లొచ్చాడు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇలాంటివి పంపేటప్పుడు పైన "ఇది ఇక్కడి సంగతి" అని ఒక ముక్క రాయండి.

మందు గురించి వార్త వస్తే: ఎవరికి పనిచేసింది?

2020 జూన్ 16న ఒక మంచి వార్త వచ్చింది. డెక్సామెథాసోన్ అనే చవకైన పాత స్టెరాయిడ్ కరోనా మరణాల్ని తగ్గిస్తుందని బ్రిటన్ ట్రయల్‌లో తేలింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మూడోవంతు మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ పెట్టిన వాళ్లలో ఐదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి ప్రయోజనం కనపడలేదు.

ఈ మూడో వాక్యం హెడ్డింగ్‌లోకి రాలేదు. స్క్రోలింగ్‌లోకి అసలే రాలేదు. జనానికి చేరింది "కరోనాకి మందు దొరికింది, పది రూపాయల మాత్ర" అన్న ముక్క. ఏడాది తిరిగేసరికి, 2021 ఏప్రిల్, మే నెలల్లో, జ్వరం వచ్చిన మొదటి రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్లు ఎంతమందో. మందుల షాపులో అడిగితే ఇచ్చేశారు, వాట్సాప్‌లో చీటీ ఫొటో చూపిస్తే ఇచ్చేశారు. ఒకరికి రాసిన చీటీ పదిమందికి వైద్యం అయింది. షుగర్ అదుపులో లేనివాళ్లు స్టెరాయిడ్ వాడితే బ్లాక్ ఫంగస్ ముప్పు పెరుగుతుందన్న సంగతి అందరికీ ఆ మే నెలలో కన్ను పోయినవాళ్లని చూశాక తెలిసింది.

కాబట్టి ఏ మందు వార్త చదివినా ఒక పెన్నుతో ఈ ఖాళీలు పూరించండి: ఎవరికి ఇచ్చారు, జబ్బు ఏ దశలో ఇచ్చారు, దేనితో పోల్చి చూశారు, ఎంతమందిలో. నాలుగు ఖాళీలూ ఆ వార్తలోనే నిండకపోతే అది ఇంకా వార్త కాలేదు. ఎలుకల మీద చేశారా, గాజు గొట్టంలో చేశారా అన్నది కూడా చివరి పేరాలో దాక్కుంటుంది. అందుకే నేను ఆరోగ్య వార్తల్ని కింద నుంచి పైకి చదువుతాను. సలహా కింద తీసుకోండి, అలవాటు కింద తీసుకోండి.

కృష్ణపట్నం పాఠం

మన రాష్ట్రాల్లో దీనంత పెద్ద పరీక్ష ఇంకోటి లేదు, అందుకని కాస్త ఆగి చూద్దాం. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన ఆకులు, దినుసులతో చేసిన మందు ఉచితంగా ఇచ్చేవారు. 2021 మే 21న అక్కడికి వేల మంది వచ్చేశారు. మైళ్ల పొడవున బళ్లు, అంబులెన్సుల్లో రోగులు, టీవీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ప్రత్యక్ష ప్రసారం. పంపిణీ ఆపారు. పరీక్షలన్నారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం నోటితో తీసుకునే కొన్ని మందులకి అనుమతి ఇచ్చింది, కంట్లో వేసే చుక్కలకి అప్పటికి ఇవ్వలేదు.

టీవీల్లో ఏం పడింది? "ఆనందయ్య మందుకి గ్రీన్ సిగ్నల్." ఆ అనుమతిలో అసలు మాటలు వేరు. వాడితే హాని లేదని నివేదిక, కరోనాని తగ్గిస్తుందనడానికి ఆధారాలు లేవని కూడా అందులోనే. డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దని హెచ్చరిక. "హాని లేదు" అన్న మాటకీ "పనిచేస్తుంది" అన్న మాటకీ మధ్య ఎంత దూరం ఉందో, మంచినీళ్లని తలుచుకుంటే తెలుస్తుంది.

ఆ రోజుల్లో అందరూ చూసిన ఒక వీడియో ఉంది. రిటైర్డ్ హెడ్మాస్టర్ ఒకాయన, కంట్లో చుక్కలు వేశాక ఊపిరి బాగా ఆడుతోందని, లేచి కూర్చోగలుగుతున్నానని చెప్తారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆ నిమిషంలో ఆయనకి అలాగే అనిపించి ఉంటుంది. ఆ వీడియో లక్షల ఫోన్లలోకి వెళ్లింది. కొద్ది రోజులకే ఆయన ఆస్పత్రిలో చనిపోయారు. ఆ వార్త మొదటి వీడియో వెళ్లినంత దూరం వెళ్లలేదు.

అందుకని "నాకు తగ్గింది" అనే వీడియో ఏది చూసినా రెండు పనులు చేయండి. ఒకటి, అదే మనిషి పేరుతోనో ఊరి పేరుతోనో పది రోజుల తర్వాతి వార్త వెతకండి. రెండు, ఏ మందూ వేసుకోకపోయినా ఎంతమందికి తగ్గుతుందో తెలుసుకోండి. కరోనా వచ్చిన వాళ్లలో అత్యధికులు ఎలాగూ కోలుకున్నారు. వాళ్లు ఆ వారంలో ఏం తాగితే అదే మందు అయిపోయింది. కషాయం తాగినవాడికి కషాయం, బ్రాందీ తాగినవాడికి బ్రాందీ.

ఆనందయ్య గారి మీద నాకు కోపం లేదు, ఆయన డబ్బు అడగలేదు. ఆక్సిజన్ మీద ఉన్న మనిషిని అంబులెన్స్‌లో ఎక్కించి క్యూలో నిలబెట్టేలా రోజంతా చూపించిన కెమెరాల మీద ఉంది.

శాతం కనబడితే దాని వెనక మనుషుల్ని లెక్కపెట్టండి

హైదరాబాద్‌లో తయారైన కరోనా టీకా కోవాగ్జిన్‌నే తీసుకుందాం. 2021 మార్చి 3న 81 శాతం ప్రభావం అన్నారు, జులైలో 77.8 శాతం అన్నారు. "చూశారా, తగ్గిపోయింది" అని కొందరు, "వందలో 22 మందికి పనిచేయదట" అని కొందరు.

లెక్క ఇది. ట్రయల్‌లో సుమారు 25,800 మంది. ఇంచుమించు సమానంగా రెండు గుంపులు చేసి ఒకరికి టీకా, ఇంకొకరికి ఉత్త సూది. మార్చి నాటికి వాళ్లలో జబ్బు లక్షణాలతో బయటపడ్డ కేసులు 43 మాత్రమే: ఉత్త సూది వాళ్లలో 36, టీకా వాళ్లలో 7. చివరికి కేసులు 130 అయ్యాయి: 106, 24. టీకా లేకపోతే జబ్బు పడే వంద మందిలో దాదాపు 78 మందిని టీకా తప్పించిందని అర్థం. టీకా వేసుకున్న వందలో 22 మందికి జబ్బు వస్తుందని కాదు. వేల మందిలో వచ్చింది 24 మందికే కదా. ఇక 43 కేసులతో వేసిన లెక్క 130 కేసులు వచ్చాక కాస్త కదలడం మామూలే. ఎన్నికల రోజు మొదటి రౌండు ఆధిక్యం చివరిదాకా అంతే ఉండదని మనకి తెలుసు, ఇదీ అంతే.

రోజువారీ బులెటిన్ అంకెలకి ఒక్క సూత్రం చాలు: ఎన్ని టెస్టుల్లో అన్ని కేసులు? ఆదివారం టెస్టులు తక్కువ, సోమవారం కేసులు తక్కువ, మంగళవారం "కేసులు మళ్లీ భారీగా". వారం సగటు చూడండి.

ఫార్వర్డ్ వస్తే

వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాలు కనిపిస్తే, అది మీ దాకా రావడానికి కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. అలాంటివాటిని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో కట్టడి పెట్టారు. రెండు బాణాలుంటే అబద్ధమని కాదు, పంపినవాళ్లకి దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియవని. మీ మేనమామ పంపారు కాబట్టి మేనమామ మాట అనుకోకండి.

అదే 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో పది మందికి పైగా ఉమ్మెత్త గింజలు నూరుకుని తాగి ఆస్పత్రి పాలయ్యారు. టిక్‌టాక్‌లో ఒక వీడియో చూశారట. ఉమ్మెత్త కాయ చుట్టూ ముళ్లుంటాయి, టీవీలో కరోనా బొమ్మకీ ముళ్లుంటాయి. పోలిక అంతే. ఉమ్మెత్త విషమని పల్లెలో పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. భయం ఆ తెలిసినదాన్ని కూడా మరిపించింది.

పరీక్ష ఇలా చేయండి. మెసేజ్‌లో ఒక ప్రత్యేకమైన వాక్యం కాపీ చేసి గూగుల్‌లో వేసి, పక్కన "నిజమేనా" లేదా "ఫ్యాక్ట్ చెక్" అని చేర్చండి. తెలుగులో ఇలాంటివి తేల్చే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటివి ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వానికి సంబంధించినవి ఆ ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్‌లో చూడొచ్చు. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వెతకండి, ఏ దేశంలో ఏ ఏడాది తీసిందో చాలాసార్లు బయటపడుతుంది. ఆడియో అయితే కష్టం. "పేరున్న ఆస్పత్రి పెద్ద డాక్టర్ గారి గొంతు" అని వచ్చేవాటిలో ఆ డాక్టర్ తన పేరు, తేదీ చెప్పుకోకపోతే నేను వినడం మానేశాను.

టీవీకి టైమ్ పెట్టండి

2020 ఫిబ్రవరిలో, ఆంధ్రలో ఇంకా ఒక్క కేసు కూడా రాకముందే, శ్రీకాళహస్తి దగ్గర పల్లెలో ఒకాయన తనకి కరోనా వచ్చిందనే భయంతో ప్రాణం తీసుకున్నారు. ఫోన్‌లో ఆ వీడియోలే చూస్తూ ఉండేవారని అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఆంధ్రలో మొదటి కేసు బయటపడింది మార్చి 12న. అంతకు ముందు, ఫిబ్రవరిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అధినేత టెడ్రోస్, మనం అంటువ్యాధితో పాటు సమాచార వెల్లువతో కూడా పోరాడుతున్నామన్నారు. దానికి ఇన్ఫోడెమిక్ అని పేరు.

రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున చాలు: పొద్దున్న పేపరు, సాయంత్రం బులెటిన్. పడుకునే ముందు గంట అసలు వద్దు. ఇంట్లో ఎవరైనా నిద్రపోకుండా, తినకుండా అవే వీడియోలు చూస్తుంటే, లేదా బతకడం ఎందుకన్నట్టు మాట్లాడుతుంటే, పక్కన కూర్చోండి, వాళ్లని ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు

గ్రూపులో అందరి ముందూ "బాబాయ్, ఇది ఫేక్" అని పెడితే బాబాయ్ ఇంకో నాలుగు పంపిస్తారు, పట్టుదలకి. నేను విడిగా ఇలా రాస్తాను: "బాబాయ్, ఇది నాకూ వచ్చింది. రాసినవాళ్ల పేరు లేదు, తేదీ లేదు. రేపు మన డాక్టరు గారిని అడిగి చెప్తాను. అప్పటిదాకా పిన్నికి పెట్టొద్దు, ఆవిడకి షుగర్ కదా." నాలుగుసార్లలో మూడుసార్లు ఆయనే గ్రూపులోంచి తీసేశారు. నాలుగోసారి మాటల్లేవు, రెండు వారాలు మాట్లాడలేదు కూడా.

కొన్ని మాటలకన్నా కళ్లెదుట కనబడేది బాగా పనిచేస్తుంది. చికెన్ తింటే కరోనా అన్న పుకారుతో ధరలు పడిపోయినప్పుడు 2020 ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించారు. ఇంట్లో మీరే తిని చూపించండి.

డాక్టర్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి

"నెట్‌లో చూశానండీ" అని మొదలుపెడితే సగం మంది డాక్టర్ల మొహం మాడుతుంది. ఒక తెల్ల కాగితం మీద ఏ రోజు జ్వరం మొదలైంది, పూటపూటకీ ఎంత, ఆక్సిజన్ రీడింగులు, వేసుకుంటున్న మందుల పేర్లు రాసుకెళ్లండి. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న. ఇంట్లో ఎవరైనా కషాయమో, చుక్కలో, పక్కింటివాళ్ల స్టెరాయిడో ఇప్పటికే ఇచ్చేసి ఉంటే అది దాచకండి. తిడతారు. తిట్టనివ్వండి, చెప్పండి.

చివరిగా, నంబర్ల గురించి

నా ఫోన్‌లో ఇప్పటికీ "ఆక్సిజన్ 1" నుంచి "ఆక్సిజన్ 14" దాకా పేర్లు ఉన్నాయి. ఆ మే నెలలో సేవ్ చేసినవి. పద్నాలుగింటిలో పనిచేసింది ఒక్కటే, తొమ్మిదోది. మూడు స్విచాఫ్. రెండింటిలో ముందు డబ్బు వేయమన్నారు, వేస్తే ఇక ఎత్తలేదు. మిగతావాళ్లు సాయం చేసినవాళ్లే, కానీ వాళ్ల దగ్గర సిలిండర్లు రెండు రోజుల కిందటే అయిపోయాయి, మెసేజ్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఒకాయన ఫోన్ ఎత్తి, "బాబూ, రోజుకి మూడొందల కాల్స్ వస్తున్నాయి, మా ఇంట్లోనే ఇద్దరు పడుకున్నారు, దయచేసి నా నంబరు తీసేయించండి" అని ఏడ్చారు.

నంబరు పంపే ముందు మీరు ఒకసారి ఫోన్ చేయండి. చేసి మాట్లాడాకే, "మే 9, సాయంత్రం 6:40కి మాట్లాడాను, రెండు ఉన్నాయి, అడ్వాన్స్ అడగలేదు" అన్నట్టు రాసి పంపండి. అయిపోయిందని తెలిస్తే అదే గ్రూపులో, అదే మెసేజ్ కింద "అయిపోయింది, ఇక పంపకండి" అని పెట్టండి. మీకు పని అయిపోయినా పెట్టండి.